నాలుగు వందల పన్నెండు

రోజా ఇడిసినంక అరగంటకు
ఐస్‌క్రీం డబ్బా మూత తీసిన.
ఫ్రిజ్జు లేదు మాకు,
తెచ్చిన పొద్దే తినాలె.
చెంచాలు కడిగి తెచ్చేలోపల
నౌషీను ఆ మూత పట్టుకొని
బల్బు కిందికి పోయింది.
చీమ తలకాయంత అచ్చు.
వేలు ఒక కాడ ఆగింది.

"అమ్మీ, ఇది గింత చిక్కగ ఎట్లయింది?"
పాలు మరిగితె చిక్కగైతయి బిడ్డా అన్న.
"కాదు, ఇండ్ల నంబరుంది.
నాలుగు వందల పన్నెండు.
అది హలాలేనా?"

తొమ్మిదో తరగతి పిల్ల.
ఈ ఏడు ముప్పై రోజాలూ ఉంటనని పంతం.
నీళ్లు గుడ్క ముట్టని నోరు
ఒక్క అంకె కాడ మూసుకున్నది.
నేను పచ్చ చుక్క చూపించిన.
చెట్టుదే, మాంసం గాదు, తిను అన్న.
"కల్లు చెట్టుది గాదా?" అన్నది.

నేనేమంట?
అచ్చంపేటల మా గోడకు గోడ కల్లు కాంపౌండు.
తాడిచెట్టు కూడ పచ్చగనే ఉంటది.

వాళ్ల అబ్బ తరావీకి పొయ్యే తొందర్ల ఉండె.
హాఫిజ్ సాబును అడుగుత తియ్యి అని
మూతను లాల్చీ జేబుల ఏసుకొని ఎల్లిండు.
డబ్బా నడిమిట్ల,
మేం ముగ్గురం చుట్టు.
అంచుల పొంట మెత్తవడుతున్నది.
పదహారు గంటలు ఆగినోళ్లం,
ఇంకో జరసేపు ఆగలేమా.

మసీదు మెట్ల కాడి నుంచి ఫోను.
"గ్వార్ గమ్ అంటరంట. ఏదో గింజ పిండి.
గింజకైతె ఏ రంధీ లేదన్నడు హాఫిజ్ సాబు.
దానెంబటి ఇంకేం కలిపిన్రో
అది మాత్రం సదువుకోమన్నడు."

మంచంల ఒరిగి ఉన్న మా అత్త రజాబీ
దిగ్గున లేసి కూసుంది.
"ఏం గింజ? మల్లొకసారి చెప్పు.
గ్వార్ ఏందిరా, గవార్!
గోకరకాయ!"

నాలుగేండ్ల కింద జీపొకటి వచ్చింది మా చెల్కకు.
ఇత్తనం పొట్లాలు ఇచ్చిన్రు.
పచ్చికాయ తెంపొద్దు, చెట్టు మీదనే ఎండనియ్యాలె,
గింజ మేమే కొంటం,
పెట్రోలు బాయిలల్ల పోస్తరు, దేశం అవుతల
బంగారమే అన్నరు.
కూరకు పిడికెడు కూడ తెంపలే మా అత్త.
నూగు తాకి మోచేతుల దాక దద్దులొచ్చినయి,
వేపాకు నూరి పూసుకుంట కోసింది.
పదకొండు సంచులైనయి.
జీపు మల్ల రాలే.

కల్వకుర్తి యార్డుల షావుకారి
గుప్పెడు తీసుకొని ఉఫ్‌మని ఊది
"బర్రెలకు పెట్టుకో పెద్దమ్మ" అన్నడంట.
రెండు వానకాలాలు తిన్నయి బర్రెలు.
ఆ పాలు కేంద్రంల పోసినం.
హలాలా అని ఒక్కరన్న అడగలే.

"గిది అదేనా?" అన్నది మా అత్త.
డబ్బా ముంగటికి జరుపుకున్నది.
వేలు ముంచి ఎత్తింది.
కరిగింది గని నీళ్లు నీళ్లు కాలే,
పాలొక దిక్కు నీళ్లొక దిక్కు విరగలే.
వేలికి పట్టుకొని ఏలాడుతున్నది,
జారుతలేదు.
"పట్టు చూడు! మన గింజనే" అన్నది
నవ్వుకుంటనో, కోపంగనో
నాకు తెల్వలే.

"గింజ హలాలే, తినరాదు" అని
గిన్నె నౌషీను దిక్కు తోసింది.
"జీపోడు ఎగ్గొట్టిన పైసకు ఏ నంబరేసిన్రో
అది గూడ సదువు బిడ్డా."

ఆ పిల్ల నిజంగనే డబ్బా తిప్పి ఎతికింది.
అటు పక్క, ఇటు పక్క, అడుగున.
"గది రాయలే దాదీ" అన్నది.
బిస్మిల్లా అని చెంచా పెట్టింది.

తెల్లారి లాల్చీ పిండుతుంటె
జేబుల మూత దొరికింది.
సబ్బుకు బొమ్మ అలికింది, పేరు అలికింది.
అంకె పోలే.